యారాలితో మాటల్లేవు, బల్ల మాత్రం తీసుకుంటున్నాను: తప్పా?

వందనాలమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీది దేవరకొండ వైపు ఊరు. మీకూ మీ బావగారి ఇంటికీ కలిపి మామగారి కాలం నాటి బోరు ఒక్కటే. మూడు రోజులు మీ వంతు, మూడు రోజులు వాళ్ల వంతు. రెండేళ్ల కింద ఎండాకాలంలో నీళ్లు తగ్గి, మోటరు దగ్గర మాటామాటా పెరిగి, మీ యారాలు నలుగురిలో మిమ్మల్ని తిట్టింది. ఆనాటి నుంచి గోడకు అటు ఆమె, ఇటు మీరు. స్టార్టర్ డబ్బాకు తాళం వేసి చెవి మీ ఇంట్లో పెట్టుకున్నారు, వాళ్ల వంతు వచ్చినప్పుడు పిల్లవాణ్ణి పంపి అడిగించుకుంటున్నారు. మీరు బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్లు, వాళ్లు తీసుకోలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, దశమభాగం ఏదీ తప్పలేదు. పోయిన నెల మీ పాస్టరుగారు "దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు" మీద వాక్యం చెప్పినప్పటి నుంచి బల్ల దగ్గర, అంటే ప్రభువు భోజనపు రొట్టె, పాత్ర తీసుకునేటప్పుడు, మీ చేయి వణుకుతోంది. "దేవుని మీద ప్రేమ ఉంది. ఆమె మీద ఎంత ప్రార్థన చేసినా రావడం లేదు. నా భక్తి అబద్ధమా? బల్ల మానేయాలా?" ఇదీ మీరు అడిగింది.

నేను పాస్టర్‌ను కాదు. నల్లగొండ జిల్లాలోనే బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా సండేస్కూలు చెప్పాను, పద్నాలుగేళ్లు మా సంఘం లెక్కలు చూశాను. ఇట్లాంటి పంచాయితీలకు పెద్దమనిషిగా కూర్చున్నాను, ఒకట్రెండింటిలో ముద్దాయిని నేనే.

"ప్రేమ రావడం లేదు" అన్నారు కదా, అక్కడి నుంచి మొదలుపెడదాం. ప్రేమంటే జ్వరంలా దానంతటదే వచ్చి దానంతటదే పోయేదని మనకు ఎట్లాగో అలవాటైంది. యేసు ప్రభువు చెప్పిన ఆ రెండు ఆజ్ఞలూ అప్పటికే ధర్మశాస్త్రంలో, అంటే పాత నిబంధనలోని మోషే పుస్తకాల్లో, ఉన్నవి. మొదటిది ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోది, యూదులు పొద్దునా సాయంత్రం వల్లె వేసుకునేది. రెండోది లేవీయకాండం 19:18. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆ ముక్కను సండేస్కూలు పిల్లలందరికీ కంఠస్థం చేయిస్తాం. నేనూ చేయించాను. దాని పైనున్న తొమ్మిది వచనాలు మాత్రం వాళ్లతో ఏనాడూ చదివించలేదు, అది నా తప్పు.

ఇవాళ రాత్రి 9వ వచనం నుంచి చదవండి. పైరు కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, అవి బీదవాళ్లకూ పరదేశులకూ వదిలేయాలి. దొంగతనం వద్దు, అబద్ధం వద్దు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు. తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని జాలి, గొప్పవాడని మొహమాటం రెండూ పనికిరావు. కొండేలు మోయొద్దు. ఇదంతా అయ్యాక 17వ వచనంలో, మనసులో పగ పెట్టుకోవద్దు, తప్పు చేసినవాడికి తప్పని చెప్పు అని ఉంటుంది. ఆ తర్వాతే ప్రేమించమనే మాట. పొలం గట్టు, కూలి డబ్బు, నోటి మాట, ఇవీ దాని చుట్టూ ఉన్నవి. మనసు సంగతి వచ్చింది ఒక్క పగ దగ్గరే. దానికి కూడా అక్కడ చెప్పిన మందు ఎదురుగా కూర్చుని మాట్లాడడమే.

అందుకని యారాలి మీద ప్రేమ పుట్టించమని ప్రార్థన చేస్తూ రెండేళ్లు ఎదురుచూశారంటే, రాని బస్సు కోసం నిలబడినట్టయింది. ఆమెతో న్యాయంగా నడుచుకోవడానికి ఆమె మీద ఇష్టం ఉండాల్సిన పని లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల కిందటి మాట. మా మందిరంలో కోత పండుగ. మన సంఘాల్లో తెలుసు కదా, తొలి పంట, కోళ్లు, కూరగాయలు తెచ్చి అర్పిస్తారు, ఆరాధన అయ్యాక వేలం పాడి ఆ డబ్బు సంఘానికి జమ చేస్తారు. ముందురోజు శనివారం సాయంత్రం ఇంట్లో కూర్చుని కానుక కోసం కొత్త నోట్లు కవర్లో పెడుతున్నాను. మా పత్తి చేనులో ఆ వారమంతా కలుపు తీసిన కైకిలామె వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆరు రోజుల కైకిలి, రోజుకు వంద, మొత్తం ఆరు వందలు. నా చేతిలో డబ్బు ఉంది, కానీ అది "దేవునిది" అని అప్పటికే లెక్క కట్టేసుకున్నాను. "సోమవారం రా అమ్మా, చిల్లర లేదు" అన్నాను. "సరే సార్" అని, కాసేపు అరుగు మీద కూర్చుని, లేచి వెళ్లిపోయింది.

మర్నాడు వేలంలో ఒక గుమ్మడికాయ వచ్చింది. యాభై దగ్గర మొదలైంది. సంఘపెద్దలం ఇద్దరం పోటీపడ్డాం. జనం చప్పట్లు కొడుతుంటే ఉత్సాహం వస్తుంది చూడండి, ఆరు వందలకు నేను పాడుకున్నాను. పాస్టరుగారు నా పేరు పెట్టి దీవించారు. తల తిప్పితే వెనక వరసలో, ఆడవాళ్ల వైపు, చాప చివర ఆమె కూర్చుని ఉంది. ఆమెదీ మా సంఘమే.

సోమవారం పొద్దున్నే డబ్బు ఇచ్చాను. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. ఏమైనా అంటే బాగుండేది, అనలేదు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "గుమ్మడికాయ మంచిగున్నదా సార్?" అని అడిగింది.

ఆ కాయ మా ఇంట్లో ఎవరూ తినలేదు. అప్పుడు మార్కు 7వ అధ్యాయం తీసి చదివాను. తల్లిదండ్రులకు పెట్టాల్సింది "కొర్బాను, దేవునికి అర్పితం" అని పక్కన పెట్టేసి చేతులు దులుపుకునేవాళ్లను ప్రభువు అక్కడ ఎండగడతాడు. ఆయన కోపం అర్పణ మీద కాదు. మనిషికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టి దాన్నే దేవుని ఖాతాలో రాసుకోవడం మీద. ఆ తర్వాత లెక్కలు చూసినంత కాలం, కోత పండుగ ముందు ఆదివారం, "ఎవరి కైకిలైనా బాకీ ఉంటే ముందు అది కట్టి రండి" అని ప్రకటన చేసేవాణ్ణి. కొంతమందికి కోపం వచ్చింది కూడా.

మీ దగ్గర బాకీ డబ్బు కాదు, నీళ్లు. నీళ్ల సంగతి మనకు ఒకరు చెప్పాలా? మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. నీళ్లు లేకనే కదా పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా పాకింది. ఇంకో సంగతి కూడా గుర్తు చేసుకోండి. 1889లో ఇండియాకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో మిషన్ పని మొదలుపెట్టారు. తర్వాత మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, జడ్చర్ల, మీ దేవరకొండ దాకా బడులు, దవాఖానలు పెట్టారు. అప్పట్లో సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో బిందె ముంచే హక్కు లేనివాళ్లు. బిందె దూరంగా పెట్టి, ఎవరైనా పోస్తారేమోనని ఎండలో నిలబడేవాళ్లమని మా నాయనమ్మ చెప్పేది. పోసేవాళ్లు వచ్చినా వాళ్ల తీరిక, వాళ్ల బుద్ధి. అట్లాంటి వాళ్ల మనవలం, మునిమనవలం. ఇవాళ తాళంచెవి మన చేతికి వచ్చేసరికి పిల్లవాణ్ణి పంపి అడిగించుకుంటున్నాం. ఇది కొంచెం గట్టిగా అన్నానని తెలుసు, ఏమనుకోకండి.

మీరు రాసిన ఇంకో మాట. "ఆమె మన దేవుణ్ణి నమ్మదు. అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని వాక్యం ఉంది, మాట్లాడకపోవడమే మేలని మా ప్రార్థన గుంపులో ఒకామె అంది." ఆ వచనం రెండో కొరింథీ 6:14. ఒకే కాడికి రెండు జాతుల పశువులను కట్టొద్దనే పోలిక అది. ఎక్కడెక్కడ పొత్తు కలవొద్దో చెప్తుంది గానీ, పక్కింటామెతో పలకొద్దని ఎక్కడా లేదు. అదే కొరింథు వాళ్లకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం 9, 10 వచనాలు ఆమెకు చూపించండి. లోకంలో ఉన్నవాళ్లతో కలవొద్దని నా ఉద్దేశం కాదు, అట్లయితే మీరు లోకంలోంచే వెళ్లిపోవాల్సి వస్తుంది అని ఆ పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలే సర్దిచెప్పుకున్నాడు. మీ యారాలు బోనం ఎత్తుతుందా, ఉపవాసం ఉంటుందా అన్నది ఆమెకూ దేవునికీ మధ్య సంగతి. నీళ్ల వంతు మాత్రం మీకూ ఆమెకూ మధ్య సంగతి.

ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ మనం ఎన్నిసార్లు విన్నామంటే, అందులో కారం పోయింది. సమరయులు కొలిచే కొండ వేరు, యూదులు కొలిచే గుడి వేరు. యోహాను 4వ అధ్యాయంలో బావి దగ్గర ఆ స్త్రీ ఆశ్చర్యపోయింది కూడా అందుకే, యూదుడివై ఉండి నన్ను నీళ్లెట్లా అడుగుతున్నావని. అట్లాంటి వేరే కొండవాడు యెరికో దారిలో దొంగలు కొట్టగా పడి ఉన్న యూదుడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, తన పశువు మీద ఎక్కించి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారాలు ఇచ్చాడు. దేనారమంటే అప్పటి ఒక రోజు కూలి. యాజకుడూ లేవీయుడూ దేవుని పనివాళ్లే, పక్కగా దాటిపోయారు. కథ అయ్యాక వీళ్లలో పొరుగువాడెవరని అడిగితే ఆ ధర్మశాస్త్ర ఉపదేశకుడు "సమరయుడు" అనే మాట పలకలేక "జాలిపడినవాడే" అన్నాడు. నాకెప్పుడూ అక్కడ నవ్వొస్తుంది. మన ఊళ్లలో కూడా శత్రువు పేరు నోట రాదు, "ఆ ఇంటామె" అంటాం. మీ ఉత్తరం మొత్తంలో మీ యారాలి పేరు ఒక్కసారి కూడా లేదమ్మా.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. మీరు ఒక వాక్యం గబగబా రాసేసి దాటిపోయారు: "మా ఆయన కూడా ఒక రాత్రి వాళ్ల వంతులో గేట్ వాల్వ్ మా వైపు తిప్పిండు, కానీ మొదట చేసింది వాళ్లే." ఇంత పెద్ద ఉత్తరంలో నాకు ఎక్కువ బరువుగా కనబడింది ఆ వాక్యమే. తిట్టింది నలుగురిలో కాబట్టి అందరికీ గుర్తుంది. తిప్పింది రాత్రి కాబట్టి మీకూ వాళ్లకూ తప్ప తెలియదు. మత్తయి 5:23 మళ్లీ చదవండి. బలిపీఠం దగ్గర అర్పణ అర్పించేటప్పుడు "నీకు వాళ్ల మీద కోపముంటే" అని లేదు అక్కడ. నీ సహోదరునికి నీ మీద విరోధముందని గుర్తొస్తే, అని ఉంది. వాళ్ల వైపు నుంచి లెక్క తీయమంటున్నాడు. ఆ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం యెరూషలేములో, కాలినడకన మూడు నాలుగు రోజుల దూరం. అర్పణ అక్కడే వదిలేసి, ఊరికెళ్లి, సమాధానపడి, మళ్లీ రమ్మంటున్నాడు. మీకు గోడ దాటితే చాలు.

బల్ల మానేయాలా అన్నదానికి నా జవాబు: మానేయొద్దు, కానీ ఇట్లాగే తీసుకుంటూ కూడా పోవద్దు. మొదటి కొరింథీ 11లో "అయోగ్యముగా" అన్న మాటకు భయపడి మన దగ్గర చాలామంది ఏళ్లకేళ్లు పాత్ర ముట్టరు, కొట్లాట మాత్రం మానరు. అక్కడ పౌలు తిట్టింది ఎందుకో పైన చూడండి. ఉన్నవాళ్లు ముందే తిని తాగి కూర్చుంటున్నారు, లేనివాళ్లు ఆకలితో పోతున్నారు. పక్కవాణ్ణి పట్టించుకోకుండా బల్ల దగ్గరికి రావడమే ఆ అయోగ్యత. ఆయన చెప్పిన పరిష్కారం కూడా "పరీక్షించుకుని దూరంగా ఉండు" అని కాదు, పరీక్షించుకుని, అట్లా చేసి, తిను అని. బల్ల మానేస్తే మీ యారాలికి ఒక్క బిందె నీళ్లు కూడా ఎక్కువ రావు.

మా అబ్బాయి లాంటి కుర్రాళ్లు ఇది విని, "అయితే మనుషులకు మేలు చేస్తే చాలు కదా, ప్రార్థన ఎందుకు" అంటారు. చాలదు. ఆయన మొదటిది అన్నది మొదటిదే. ఎందుకో నా అనుభవంలో చెప్తాను. సొంత మంచితనంతో వెళితే మూడో రోజుకు అయిపోతుంది, ఎదుటివాళ్లు కాస్త పుల్లవిరుపుగా మాట్లాడితే ఆ పూటకే అయిపోతుంది. ప్రార్థన చేయండి, తీరు మార్చి చేయండి. "ప్రభువా, ఆమె మనసు మార్చు" అనేది ప్రార్థన రూపంలో ఉన్న ఫిర్యాదు. ఆమె పేరు చెప్పి, ఆమెకున్న కష్టాలు ఒక్కొక్కటి చెప్పండి. మోకాళ్ల నొప్పి ఉందా, హైదరాబాదులో కొడుక్కి పని దొరికిందా, వడ్లు అమ్మిన పైసలు పడ్డాయా. ఆమె కష్టాలేమిటో తెలియకపోతే, రెండేళ్లలో ఎంత దూరమైపోయారో మీకే అర్థమవుతుంది. మా తమ్ముడితో మాటల్లేని రోజుల్లో నేను నలభై రోజులు ఇట్లా చేశాను. ప్రేమ పొంగలేదు. కానీ మా గొడవ గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు మునుపటిలా ధాటిగా చెప్పలేకపోయాను, మధ్యలో నోరు తడబడేది.

ప్రేమించడమంటే మీ వంతు వదులుకోవడం అనుకోకండి. 17వ వచనం తప్పును తప్పని చెప్పమంటోంది. నలుగురిలో తిట్టడం తప్పు, అది మీరు ఆమెకు చెప్పొచ్చు. అయితే మొదటి రోజు మీ తప్పు ఒక్కటే చెప్పండి. "మా ఆయన ఆ రాత్రి వాల్వ్ తిప్పింది తప్పే" అని, అక్కడ ఆగండి. "కానీ" అన్న మాట మాత్రం గోడకు ఇవతలే వదిలేసి వెళ్లండి. ముందు మీ ఆయనతో కూర్చుని ఒప్పించాలి, ఆయనకు తెలియకుండా వెళితే కొత్త గొడవ. సంఘపెద్దలను వెంట తీసుకుపోవద్దు. మత్తయి 18లో ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లమన్నది సంఘంలో సహోదరుడి విషయంలో. ఆమె సంఘం మనిషి కాదు కాబట్టి, బైబిళ్లు పట్టుకుని నలుగురు వస్తే మీదికొచ్చినట్టే ఉంటుంది.

వంతు కూడా మార్చుకోవాలి. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక కరెంటుకు హద్దు పోయింది, బోరులో నీళ్లకే హద్దు మిగిలింది. ఎండాకాలంలో మూడు రోజుల వంతంటే, మొదటివాళ్లు పూర్తిగా తోడేస్తే రెండోవాళ్లకు బురద. మార్చి నుంచి జూన్ దాకా గంటల లెక్కన, రోజూ ఇద్దరికీ వచ్చేట్టు కాగితం మీద రాసుకోండి. కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ పెట్టి ఉంటే తీసేయండి. మీ ఇద్దరూ నమ్మే పెద్దమనిషి ఒకరితో సంతకం పెట్టించండి. అక్కడ కొట్టడం, బెదిరించడం లాంటివి ఏమైనా ఉంటే మాత్రం నేను చెప్పినవేవీ వర్తించవు, ఒంటరిగా వెళ్లొద్దు, ముందు పోలీసులకు చెప్పండి. మీ ఉత్తరంలో అట్లాంటిదేమీ కనబడలేదు.

ఆమె తలుపు తీయకపోతే? తీయకపోవచ్చు. తీసి మళ్లీ తిట్టొచ్చు. రోమా 12:18లో "మీ చేతనైనంత మట్టుకు" అనే మాట ఉంది, పౌలు ఊరికే పెట్టలేదు. మీ చేతనైంది మీరు చేశాక, ఆమె పలకకపోయినా వచ్చే మొదటి ఆదివారం బల్ల తీసుకోండి. ఆ మర్నాడు కూడా ఆమె వంతు నీళ్లు ఆమెకు వెళ్లాలి, అంతే.

ఆ స్టార్టర్ డబ్బా తాళానికి ఒక్కటే చెవి అన్నారు. దేవరకొండ బజారుకు వెళ్లినప్పుడు డూప్లికేట్ చేయించండి, పెద్ద ఖర్చేం కాదు. గోడ అవతలికి వెళ్లేటప్పుడు అది చేతిలో పెట్టుకుని వెళ్లండి.